బావ గొంతు ఉన్న క్యాసెట్

ఖమ్మంలో మా ఇంట్లో క్రిస్మస్‌కి ఒకరికొకరం ఏదో ఒకటి ఇచ్చుకునేవాళ్లం. పెద్ద పెద్దవేం కావు. అమ్మకి జాకెట్టు గుడ్డ, నాన్నకి చేతిరుమాళ్లు, నాకు గాజులో రిబ్బన్లో. చర్చి నుంచి వచ్చి, అన్నాలకి కూర్చోకముందే ముందు గదిలో చాప పరుచుకుని ఆ ముచ్చట తీర్చుకునేవాళ్లం. అక్కకి పెళ్లయి బావ మా ఇంటి మనిషయ్యాక ఈ పద్ధతికి ఒక చిక్కొచ్చి పడింది. బావకి ఏమివ్వాలో మాలో ఎవరికీ తోచేది కాదు.

బావ కూపులో, అంటే అడవిలో కంట్రాక్టుకి వెదురు కొట్టించే చోట, గుమాస్తా. కొట్టిన వెదురు లారీలకెక్కించే దాకా లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. భద్రాచలం దాటి చర్ల రోడ్డులో కొంత దూరం పోయాక అడవిలోకి ఒక మట్టి బాట చీలుతుంది. ఆ బాట మీద కంట్రాక్టరు కట్టించిన క్వార్టరులో అక్కా బావా ఉండేవాళ్లు. పెంకుల కప్పు, మట్టి మెత్తి సున్నం కొట్టిన తడిక గోడలు. కరెంటు లేదు. ఎదురుగా ఇప్పచెట్లు, కాస్త అవతల కోయవాళ్ల ఇళ్లు. మంచి చొక్కా ఇస్తే, "ఏసుకుని ఎవరికి చూపియ్యాలె, దుప్పులకా?" అని నవ్వేవాడు. వాచీ ఇస్తే పెట్టెలో దాచాడు. అక్కడ లారీ హారనే గంట కొట్టినట్టు.

బావ ఒకప్పుడు తాగేవాడు. పెళ్లిచూపుల నాడే ఆ సంగతి తనే చెప్పాడు. "కూపుల పనిచేసేటోడు ఇప్పసారా ముట్టకుండ ఉండలేడు. నేను గూడ తాగుత," అన్నాడు నాన్న ముందే. నాన్న దవాఖానాలో కాంపౌండరు, చర్చిలో సంఘపెద్ద. ఆయన మొహం మాడిపోయింది. అక్క మాత్రం తలుపు వెనక నుంచి, "మానేస్తనంటే చేసుకుంట," అంది. బావ కాసేపు నేల వైపు చూసి, "మానేస్త" అన్నాడు. అన్నట్టే మానేశాడు.

మానేశాక ఇంకో బాధ మొదలైంది. పని ముగిసిన సాయంత్రాలు కంట్రాక్టరు మనుషులు, లారీ డ్రైవర్లు ఒకచోట కూర్చునేవాళ్లు. అక్కడ చేతిలో గ్లాసు లేనివాణ్ణి మనిషిగా చూసేవాళ్లు కాదట. పెళ్లాం కొంగు పట్టుకున్నాడని వెక్కిరించేవాళ్లు. ఒకరోజు ఇద్దరు పట్టుకుని నోట్లో పోయబోతే తోసుకుని ఇంటికొచ్చాడని అక్క చెప్పింది. వాళ్లతో కూర్చోకపోతే పని సాగదు, కూర్చుంటే ఇదీ గొడవ.

ఆ రోజుల్లో నేను ఖమ్మంలో పొద్దున టైపు నేర్చుకుంటూ, తర్వాత వైరా రోడ్డులో ఒక గిఫ్టు షాపులో కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. ముందు భాగంలో ఫొటో ఫ్రేములు, గోడ గడియారాలు, కీ ఇస్తే తిరిగే బొమ్మలు. వెనక గదిలో పాటలు రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. మా ఓనరు నాకు నేర్పిన మొదటి మాట ఒకటుంది. "గిఫ్టు కొననీకి వచ్చినోళ్లని ఏం కావాలని అడగకమ్మా. ఎవరికని అడుగు. ఆ మనిషి గురించి చెప్పనియ్యి. చెప్పుకుంట చెప్పుకుంట వాళ్లే వెతుక్కుంటరు." నిజంగానే అట్లాగే జరిగేది. బదిలీ అయిపోతున్న ఆఫీసరు గురించి, కొత్తల్లుడి గురించి, అలిగిన తమ్ముడి గురించి అంతా చెప్పేవాళ్లు. చివరికి చెయ్యి ఏదో ఒక దాని మీద ఆగేది.

ఓనరు మద్రాసు వెళ్లినప్పుడల్లా ఒక అరకి సరిపడా వింత గ్లాసులు తెచ్చేవాడు. కాక్‌టెయిల్ గ్లాసులని వాటికి పేరు. బూటు ఆకారంలో ఉన్నది, కాడ వంకర తిరిగి తాగినోడిలా ఒరిగి నిలబడేది, అంచున ఈల ఉండి ఖాళీ అయ్యాక ఊదుకునేది. పుర్రె మొహం ఉన్నది కూడా ఒకటుండేది గానీ దాన్ని ఎవరూ కొనలేదు. తాగేవాళ్లకన్నా తాగనివాళ్లే వాటిని ఎక్కువ తిప్పి తిప్పి చూసేవాళ్లు. ఒక డిసెంబరులో వాటితోపాటు ఒక గ్లాసు వచ్చింది. రెండు గాజు పొరలు, మధ్యలో ఎర్రటి నీళ్లు పోసి మూసేశారు. చూస్తే నిండుగా ఉంటుంది. ఎత్తితే లోపలి నీళ్లు పెదవి దాకా వస్తాయి, చుక్క కూడా నోట్లో పడదు. దించితే మళ్లీ నిండుగానే.

దాన్ని చూడగానే నాకు బావ గుర్తొచ్చాడు.

క్రిస్మస్ నాడు కాగితం విప్పి ఆ గ్లాసు బయటికి తీయగానే నాన్న లేచి నిలబడ్డాడు. చర్చి పెద్ద ఇంట్లో, పండుగ పూట, సారా గ్లాసు. నేను గబగబా దాన్ని తలకిందులుగా పట్టుకుని చూపించాను. చుక్క పడలేదు. "కూపుల వాళ్లతోని కూచున్నప్పుడు ఇది పట్టుకో బావా. ఎంత తాగినా తాగినట్టు గాదు," అన్నాను. బావ దాన్ని ఎత్తి, తాగినట్టు చేసి, మూతి తుడుచుకుని నాన్న వైపు చూశాడు. నాన్న నవ్వకుండా ఉండాలని చూసి, ఉండలేక లోపలికెళ్లిపోయాడు.

ఆ గ్లాసు పనిచేసింది. మొదట్లో డ్రైవర్లు కూడా మోసపోయారట. సంగతి తెలిశాక అందరూ పడి పడి నవ్వి, బావని ఇంక బలవంతం చేయడం మానేశారు. "గుమాస్తా గ్లాసు" అని దానికి పేరు పడిపోయింది.

ఆ మరుసటేడు బావే నోరు విడిచి అడిగాడు. "నాకు సినిమా కావాలె," అన్నాడు. వాళ్లుండే చోటికి సినిమా రాదు. భద్రాచలం వచ్చి చూసి తిరిగెళ్లాలంటే బస్సు దొరకదు. అప్పట్లో సినిమా మాటలూ పాటలూ కలిపి క్యాసెట్లుగా వచ్చేవి. పెళ్లిళ్లలో మైకుల్లో అవే మోగేవి. నేను ఒకటి ఎంచి ఇచ్చాను. భర్త పని వెతుక్కుంటూ దూరం పోతాడు, పోయినవాడి జాడ తెలియదు, చచ్చిపోయాడని ఊరంతా అంటుంది, భార్య ఒక్కతే నమ్మదు. కథ అది. బావ దగ్గర సెల్లులతో నడిచే టేప్‌రికార్డరు ఉండేది. అక్కా బావా ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. సినిమా చూడలేదు కాబట్టి ఇల్లు ఎట్లుంటుందో, హీరో ఏం చొక్కా వేసుకున్నాడో ఇద్దరూ వాళ్లకి తోచినట్టు అనుకుని, ఒక్కోసారి దాని మీదే పోట్లాడుకునేవాళ్లు. ఆ ఇంటికి వేపచెట్టుందని అక్క అంటే, లేదు బాదంచెట్టని బావ అనేవాడు.

తర్వాతి క్రిస్మస్‌కి బావ ఒక్కడే ముందుగా ఖమ్మం వచ్చి సరాసరి షాపుకొచ్చాడు. అక్క రెండు రోజుల తర్వాత వస్తుందన్నాడు. జేబులోంచి ఆ క్యాసెట్టు తీసి నా ముందు పెట్టాడు.

"మీ అక్కకి ఇయ్యనీకి ఒకటి చెయ్యాలె. ఇందుల హీరో మాటలు తీసేసి నా గొంతు పెట్టొచ్చా?"

నాకు నవ్వొచ్చింది. ఓనరుని అడిగితే ఆయనకీ సరదా వేసింది. మధ్యాహ్నం షాపు మూసే వేళలో చేసుకొమ్మన్నాడు. వెనక గదిలో మిషన్లు రెండు, ప్రచారం ఆటోలకి మాటలు రికార్డు చేసే మైకు ఒకటి ఉండేవి. బయటి చప్పుడు రాకుండా గోడలకి గోనెపట్టాలు కొట్టి, కింద మందపాటి జంపఖానా పరిచారు. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని చెప్పులు బయటే విడవాలి. మేం వాటిని గుమ్మం బయట వదిలి లోపలికెళ్లి తలుపు వేసుకున్నాం.

హీరో మాట వచ్చినప్పుడల్లా నేను సౌండు తగ్గించాలి, బావ మైకులో మాట్లాడాలి. ఒక మిషను మీద అది మోగుతుంటే ఇంకో దాని మీద ఇదంతా ఎక్కుతుంది. కాగితం లేదు, అంతా ఆయనకి నోటికొచ్చు. జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కళ్లు మూసుకుని మాట్లాడాడు. హీరోలాగా గొంతు పెంచలేదు. ఇంట్లో అక్కతో మాట్లాడినట్టే, మెల్లగా, కాస్త బొంగురుగా. వానలో భర్త తిరిగొచ్చే చోటు ఒకటుంది. తలుపు అవతల నుంచి భార్య "ఎవరది?" అంటుంది. అక్కడ బావ ఒక్క క్షణం ఆగి, "నేనే. ఇంకెవరొస్తరు?" అన్నాడు. బావ కళ్లు తెరిచి, "బాగొచ్చిందా?" అని అడిగాడు. బాగొచ్చిందన్నాను.

అక్క ఆ క్యాసెట్టు పెట్టుకుని విన్నప్పుడు మొదట నవ్వింది. తర్వాత టేప్‌రికార్డరు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికేసుకుంది.

ఆ తర్వాతి వానాకాలంలో బావకి జ్వరం వచ్చింది. అడవిలో జ్వరం కొత్త కాదు. మాత్రలు మింగి పడుకున్నాడు. మూడో రోజుకి మాట తడబడింది. వాగులు పొంగి బాట తెగిపోయింది. కూపు మనుషులు మంచానికి కట్టి మోసుకుంటూ వాగు దాటించి, రోడ్డు మీద లారీ ఎక్కించి భద్రాచలం దవాఖానాకి తీసుకొచ్చారు. మలేరియా మెదడుకెక్కిందన్నారు. నాన్నా నేనూ ఖమ్మం నుంచి బయల్దేరి గోదావరి వంతెన దాటేసరికి అంతా అయిపోయింది. అక్క వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. ఏడవలేదు. "నన్ను గుర్తుపట్టలే నాన్నా. ఎవరది, ఎవరది అన్నడు. నేనే అన్న. నేనే అని ఎన్నిసార్లో చెప్పిన," అంది. అప్పుడు ఏడ్చింది నాన్నే.

సమాధి అయ్యాక అక్కని ఖమ్మం రమ్మన్నాం. రానంది. కంట్రాక్టరు మంచివాడు, ఎన్నాళ్లుంటే అన్నాళ్లుండమన్నాడు. అక్క అక్కడి పిల్లలకి అక్షరాలు నేర్పేది, కూపు మనుషులకి బట్టలు కుట్టి పెట్టేది. అమ్మ వెళ్లి బతిమాలింది, నాన్నకి తమ్ముడి వరసైన పాస్టరు గారు వెళ్లి చెప్పారు. ఎవరు పోయినా మర్యాదగా అన్నం పెట్టి పంపించింది. చివరికి వానలు వెనకబట్టాక నన్ను పంపారు. కొన్నాళ్లుండి, ఎట్లాగైనా క్రిస్మస్‌కి తీసుకురమ్మన్నారు.

చర్ల బస్సు దిగి మట్టి బాటలో నడుచుకుంటూ పోయేసరికి మిట్టమధ్యాహ్నం. ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఇప్పచెట్ల కింద ఆకు కూడా కదలడం లేదు. క్వార్టరు ముందుకొచ్చి సంచి దించబోతుంటే లోపలి నుంచి బావ గొంతు వినపడింది.

"ఏమైంది, గట్ల చూస్తున్నవ్?"

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అని అక్క గొంతు.

నేను వాకిట్లో నిలబడిపోయాను. క్యాసెట్టని తెలుసు. ఆ క్యాసెట్టు చేసింది నేనే. అయినా లోపలికి పోకుండా చెవొగ్గాను. వింటూ ఉంటే అక్క గొంతు వెనకాలే ఇంకో ఆడగొంతు, సినిమాలో భార్యది, అదే మాట ఒక అర క్షణం ఆలస్యంగా చెప్తోంది. ఒక్క మగమనిషికి ఇద్దరు ఆడవాళ్లు జవాబు చెప్తున్నట్టుంది.

లోపలికెళ్లేసరికి అక్క పొయ్యి ముందు కూర్చుని పప్పు ఎనుపుతోంది. నన్ను చూసి, "వచ్చినవా. కాళ్లు కడుక్కో," అంది. నేలమీద రెండు కంచాలు. ఒకదాని పక్కన ఆ గ్లాసు. కిటికీ తడిక సందుల్లోంచి పడిన ఎండకి లోపలి ఎర్రనీళ్లు మెరుస్తూ, అప్పుడే ఎవరో నింపి పెట్టినట్టుగా ఉంది. అక్క మూడో కంచం తెచ్చి నా ముందు పెట్టింది. బావ కంచం తీయలేదు.

అక్కకి మతి చలించిందేమోనని అమ్మ భయం. ఆ కొద్ది రోజుల్లో నాకట్లా అనిపించలేదు. పొద్దున లేచి వాకిలి ఊడ్చేది, పిల్లలకి పాఠం చెప్పేది, కుట్టు పని చూసుకునేది. మధ్యాహ్నం భోజనం వేళకి మాత్రం టేప్‌రికార్డరు పెట్టేది. పక్కింటి కోయ ముసలమ్మ ఆ వేళకి వచ్చి అరుగు మీద కూర్చుని వినేది. తెలుగు ఆమెకి అంతంత మాత్రమే. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "మీ బావ పోలే. పగటేల వస్తడు, తింటడు, పోతడు," అంది. భయపెట్టాలని కాదు, బస్సు వేళ చెప్పినట్టు చెప్పింది.

సెల్లులు బలం తగ్గినప్పుడు అసలు బాధ. క్యాసెట్టు మెల్లగా తిరిగేది. బావ గొంతు లావై, మాట మాటకీ సాగి, ముద్దముద్దగా వచ్చేది. మొదటిసారి అట్లా అయినప్పుడు అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "జొరంల గిట్లనే మాట్లాడిండు," అంది. లేచి ఆపడానికి నేను చెయ్యి చాపితే పట్టుకుంది. "ఉండనియ్యి. ఈ మాట గూడ ఆయనదే కదా." ఆ సాగిన గొంతు పూర్తిగా ఆగిపోయే దాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం.

ఇంకొక సంగతి కూడా అక్కే చెప్పింది. వానలో భర్త తిరిగొచ్చే చోట, భార్య "ఎవరది?" అనడానికి ముందు, కాసేపు వాన చప్పుడు ఒక్కటే ఉంటుంది. ఆ వానలో ఎవరో నడిచొస్తున్నట్టు అడుగులు వినపడతాయి.

"ఇవి సినిమాలోవి గావే," అంది అక్క. "పాత క్యాసెట్ల ఇవి లేవు. వాన, దాని ఎంబడే తలుపు చప్పుడు. అంతే. ఇవి మీ బావవి. చెప్పులు ఈడ్చుకుంట నడుస్తడు గాదా. చెవి పెట్టి ఇను."

విన్నాను. ఉన్నాయి. రబ్బరు చెప్పులు మట్టిలో ఈడుస్తూ నడిచినట్టు, నిదానంగా, దగ్గరికి వస్తూ. పాత క్యాసెట్టు పెట్టి పోల్చుకుందామంటే అది వానల్లో టేపు చిక్కుపడి తెగిపోయిందట. మా షాపులోనూ అయిపోయింది, కంపెనీ నుంచి మళ్లీ రాలేదు. అందులో అడుగులున్నాయో లేవో నాకు గుర్తు లేదు. ఉండే ఉంటాయి, మనమే పట్టించుకోలేదన్నాను.

సెల్లులు పూర్తిగా అయిపోయి, కొత్తవి తెచ్చే మనిషి ఇంకా రాని ఒక మధ్యాహ్నం నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. ముందు వైపు ఎవరో నడిచొచ్చినట్టు వినపడింది. అవే చెప్పులు, అదే ఈడుపు. గిన్నె వదిలేసి చుట్టూ తిరిగి వాకిట్లోకి వచ్చాను. ఎవరూ లేరు. అరుగు ఖాళీగా ఉంది. అక్క లోపల గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఇన్నవా?" అంది.

"మేకై ఉంటది," అన్నాను.

అక్క నా మొహం కాసేపు చూసి లోపలికెళ్లింది.

ఆ రోజు నుంచి నాకు అక్కని అక్కడి నుంచి తెచ్చేయాలన్న తొందర పట్టుకుంది. అక్క కోసమా, నా కోసమా అంటే ఇప్పుడు విడదీసి చెప్పలేను. ఆమెని కదిలించే దారి మాత్రం ఓనరు మాటలోంచే దొరికింది. ఏం కావాలని అడగొద్దు. ఆ మనిషి ఎవరో చూడు. పండుగకి ఖమ్మం రమ్మంటే అక్క రాదు. అందుకే, "ఖమ్మంల ఆ సినిమా మళ్లొస్తున్నదక్కా. పాత సినిమాలేసే టాకీసుల పండుగకి ఏస్తున్నరు. ఈ క్రిస్మస్‌కి నీకు నేనిచ్చేది అదే," అన్నాను. సినిమా వస్తున్న మాట నిజమే, బయల్దేరేముందు గోడమీద పోస్టరు చూశాను. అక్క చేతిలో సూది ఆగింది.

"ఆ ఇల్లు కనపడ్తదా?" అంది.

"కనపడ్తది."

వచ్చింది. బట్టలతోపాటు క్యాసెట్టు కూడా సంచిలో పెట్టుకుంది.

పండుగ అయిన మర్నాడు మ్యాట్నీకి వెళ్లాం. హాల్లో జనం పలచగా ఉన్నారు. అరిగిపోయిన ప్రింటు, తెర మీద గీతలు. మొదటి మాట అక్క పెదవులు దాటి హీరోయిన్ కన్నా ముందే వచ్చింది. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. హీరో నోరు తెరవగానే అక్క ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి నా చెవిలో, "గీయన గొంతు గింత సన్నగున్నదేందే," అని మెల్లగా నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఇంటి ముందు వేపచెట్టూ లేదు, బాదంచెట్టూ లేదు. రాతి మెట్లు, సిమెంటు అరుగు. "ఇద్దరం తప్పే," అంది.

వాన సీను వచ్చింది. అక్క ముందుకు జరిగి కూర్చుంది. నేను తెర కన్నా అక్క మొహమే ఎక్కువ చూస్తున్నాను. వాన చప్పుడు మొదలైంది. తర్వాత అడుగులు. హీరో బూట్లు రాతి మెట్లెక్కుతున్నాయి. అక్క ఊపిరి బిగబట్టి వింది. తెర మీద తలుపు తెరుచుకుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క మెల్లగా వెనక్కి వాలి కుర్చీలో ఒదిగింది.

"అవేనే. సినిమాలోవే," అంది. గొంతులో బాధ ఉంది, ఒక బరువు దించినట్టు కూడా ఉంది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని సినిమా అయ్యేదాకా ఏడ్చింది. దవాఖానా వరండాలో ఏడవనిదంతా అక్కడ ఏడ్చింది.

తెర మీద వినపడినవి బూట్లు. రాతి మీద టక్ టక్‌మని గబగబా ఎక్కినవి. క్యాసెట్టులో విన్నవి అవి కావు. ఆ సంగతి నాకు ఎంత తేటగా తెలుసో, అక్కకి చెప్పకూడదని కూడా అంతే తేటగా తెలుసు.

హాలు బయటికొచ్చాక అక్క మిరపకాయ బజ్జీలు తింటానంది. తింటూ తింటూ, "సామాన్లు తెచ్చుకుందాం. ఎవరినన్న లారీ మాట్లాడమను," అంది. మేం క్వార్టరు ఖాళీ చేయడానికి వెళ్లినప్పుడు బావతో కూర్చునే లారీ డ్రైవరు ఒకాయన వచ్చి గుమాస్తా గ్లాసు అడిగాడు. అక్క తుడిచి ఇచ్చేసింది. ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని వెళ్లాడు. కోయ ముసలమ్మ అక్క తల నిమిరింది. క్యాసెట్టు మాత్రం అక్క నా చేతిలో పెట్టింది. "నువ్వు చేసిందే గదా. నీ దగ్గరుండనియ్యి. నాకింక అక్కర్లే," అంది.

షాపు వెనక గదిలో ఒక్కదాన్నే కూర్చుని దాన్ని ఒక్కసారి పెట్టాను. పట్టపగలు, బయట రోడ్డు మీద రిక్షాల గంటలు. వాన, అడుగులు, "ఎవరది?" బావ గొంతు. అడుగులు చెప్పులవే. రికార్డు చేస్తున్నప్పుడు బావ లేచి అటూ ఇటూ నడిచి ఉంటాడు, మైకులో పడి ఉంటాయి, అంతే కదా అనుకున్నాను. అనుకుంటూ కిందికి చూశాను. జంపఖానా మీద నా ఉత్త పాదాలున్నాయి. నా చెప్పులు గుమ్మం బయట. ఆ రోజు బావ కూడా తనవి అక్కడే విడిచాడు, కూర్చున్న చోటు నుంచి లేవలేదు. మిషను ఆపేసి, క్యాసెట్టు తీసి డబ్బాలో పెట్టాను. ఇంట్లో బీరువా కింది అరలో చాలా ఏళ్లుంది. ఒక వానాకాలంలో బూజు పట్టి టేపు అతుక్కుపోయింది. పారేయడానికి చేతులు రాలేదు, మళ్లీ వినడానికి ధైర్యమూ లేకపోయింది. ఇప్పటికీ మధ్యాహ్నం పూట ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడైతే, వచ్చినవాళ్లు పిలిచే దాకా నేను తలుపు తీయను. ఎవరదని కూడా అడగను.

అక్క ఖమ్మంలో టీచర్ ట్రైనింగు పూర్తి చేసింది. వైరాలో బడిలో చేరింది. అక్కడే భార్య పోయిన ఒక మాస్టారు అడిగితే, ఒక ఏడాది ఆలోచించి చేసుకుంది. ఆయనకి సినిమాలంటే పడదు, ఎవడు ఎవణ్ణి కొట్టాడో గుర్తుండదు. అక్కకి ఆయనతో హాయిగానే ఉంది. ఒక కూతురు పుట్టింది. ఖమ్మంలోనే ఖానాపురం హవేలి అనే పేటలో నేను ఇల్లు కిరాయికి తీసుకున్నాక సెలవలకి ఆ పిల్లని నా దగ్గర వదిలిపోయేది.

సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరాక, తొంభైల్లో నేను జనాభా లెక్కల డ్యూటీ మీద ఒకసారి చర్ల రోడ్డులో వెళ్లాల్సి వచ్చింది. డ్రైవరుని ఆ బాట దగ్గర జీపు కాసేపు ఆపమన్నాను. కూపు ఎత్తేసి చాలా కాలమైంది. క్వార్టరు లేదు, ఇప్పచెట్లూ లేవు. వరసగా జామాయిల్ మొక్కలు నాటారు. ఆ ముసలమ్మ ఇల్లెటున్నదో కూడా గుర్తుపట్టలేకపోయాను. ఎండలో జామాయిల్ ఆకుల వాసన ఒక్కటే ఘాటుగా వస్తోంది.

తిరుగుదారిలో వైరాలో దిగి అక్కకి చెప్పాను. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది.

"నడిచి లోపలికి పోయినవా?" అని అడిగింది.

"లేదు. రోడ్డు మీద నుంచే చూసిన."

"మంచి పని చేసినవ్," అంది. అని, కూతుర్ని కేకేసి, పిన్ని వచ్చింది, టీ పెట్టమని చెప్పింది.